ఆరు ఫ్యాన్లు కొనే ముందు ఒక్కసారి సైడ్ గ్లాసు తీసి చూడు

అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, మాది నల్లగొండ. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుతో పీసీ కట్టించుకున్నా. క్యాబినెట్ ముందు భాగమంతా గాజు, దాని వెనక మూడు ఆర్‌జీబీ (రంగురంగుల లైట్ల) ఫ్యాన్లు, వెనక వైపు ఒకటి. ఏప్రిల్ వచ్చినప్పటి నుంచి గేమ్ ఆడితే కార్డు 84 డిగ్రీలు దాటుతోంది, మోత కూడా భరించలేకపోతున్నా. షాపాయన ఆరు కొత్త ఫ్యాన్లు వేస్తే సరిపోతుంది అంటున్నాడు. మూడు వేలున్నాయి. ఏవి కొనాలి, ఎటు తిప్పి పెట్టాలి?"

తమ్ముడూ, ఆ మూడు వేలు ఇంకో రెండు రోజులు జేబులోనే ఉంచుకో. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అటు మహబూబ్‌నగర్ దాకా పన్నెండేళ్లుగా పిల్లలకు పీసీలు కట్టి ఇస్తున్నాను. ఎండాకాలంలో "వేడెక్కుతోంది" అంటూ నా దగ్గరికి వచ్చేవాటిలో ఫ్యాన్లు చాలక వేడెక్కినవి తక్కువ. గాలి వచ్చే దారి మూసుకుపోయినవే ఎక్కువ. దారి లేని చోట ఆరు పెట్టినా పది పెట్టినా అవి లోపలున్న వేడి గాలినే తిప్పి తిప్పి కొడతాయి. నువ్వు చెప్పిన "ముందు భాగమంతా గాజు" అన్న మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. కానీ అనుమానం మీద డబ్బు ఖర్చు పెట్టించడం నాకు ఇష్టం లేదు. ముందు పరీక్ష చేద్దాం.

రోజూ ఆడే గేమ్‌లో ఒకే చోట, ఒకే సెట్టింగ్‌తో అరగంట ఆడు. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దాన్ని వెనక నడవనిచ్చి నాలుగు నంబర్లు రాసుకో: కార్డు టెంపరేచర్, దాని హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు), సీపీయూ అంటే ప్రాసెసర్ టెంపరేచర్, కార్డు మీది ఫ్యాన్ల స్పీడు. తర్వాత సైడ్ గ్లాసు తీసేసి మళ్లీ అరగంట ఆడి అవే నంబర్లు రాసుకో. రెండూ ఒకే పూట చెయ్యాలి. ఒకటి మధ్యాహ్నం రెండింటికి, ఇంకోటి రాత్రి పదకొండింటికి చేస్తే లెక్క తప్పుతుంది. గోడకు తగిలించే చిన్న థర్మామీటర్ ఉంటే క్యాబినెట్ ముందు జానెడు దూరంలో పెట్టి గది వేడి కూడా రాసుకో.

ఫ్యాన్ స్పీడు ఎందుకు రాయమంటున్నానో చెప్తా. కార్డు తన వేడిని సుమారు 83 డిగ్రీల దగ్గరే ఆపుకోవడానికి చూస్తుంది. వేడి పెరిగితే ముందు తన ఫ్యాన్లను గట్టిగా తిప్పుకుంటుంది, అప్పటికీ చాలకపోతే క్లాక్ స్పీడు, అంటే తను పనిచేసే వేగం, తగ్గించుకుంటుంది. అందుకని గ్లాసు తీశాక టెంపరేచర్ రెండు డిగ్రీలే తగ్గినట్టు కనిపించినా, ఫ్యాన్ స్పీడు 2400 నుంచి 1900కి దిగి ఉంటే నిజంగా చాలా తేడా వచ్చినట్టే. టెంపరేచర్ ఒక్కటే చూసినవాళ్లు ఇక్కడే మోసపోతారు.

గ్లాసు తీస్తే ఏడెనిమిది డిగ్రీలు పడిపోయిందంటే క్యాబినెట్‌కు ఊపిరాడటం లేదు. రెండు మూడు డిగ్రీలే తగ్గి, ఫ్యాన్ స్పీడు కూడా పెద్దగా మారకపోతే క్యాబినెట్ తప్పు లేదు, కొత్త ఫ్యాన్లు కొన్నా లాభం లేదు. అప్పుడు చూడాల్సింది కార్డునే: హీట్‌సింక్‌లో, అంటే వేడిని లాగే లోహపు రెక్కల్లో, దుమ్ము పేరుకుందా, చిప్ నుంచి హీట్‌సింక్‌కు వేడిని దాటించే పేస్టు ఎండిపోయిందా అని. హాట్‌స్పాట్‌కీ మామూలు టెంపరేచర్‌కీ మధ్య పాతిక డిగ్రీల తేడా ఉంటే పేస్టు మీదే నా అనుమానం. ఏడెనిమిది డిగ్రీలు పడిపోయి ఉంటే మాత్రం ఇంకొక్క పరీక్ష చెయ్యి. సైడ్ గ్లాసు మూసేసి, ఈసారి ముందు గాజు పలక ఊడదీసి ఆడు. దాదాపు అంతే తగ్గితే దొంగ దొరికినట్టే.

గది సంగతి కూడా కలిపి చూడాలి. ఫ్యాన్ చేసేది గాలిని కదిలించడమే, చల్లబరచడం దాని చేతిలో లేదు. గది 38 ఉంటే క్యాబినెట్‌లోకి వచ్చేది 38 డిగ్రీల గాలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు, మే నెలలో మన జిల్లాలో 44, 45 చూస్తూనే ఉంటాం. యూట్యూబ్‌లో ఎవరో ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర పరీక్ష పెట్టి కార్డు 65 చూపించాడనుకో. అంటే గది కంటే 43 ఎక్కువ. అదే పీసీ నీ 38 డిగ్రీల గదిలో 81 చూపిస్తుంది. అది పాడైనట్టు కాదు. డాబా మీద రేకుల గది గానీ, స్లాబు కింద పై అంతస్తు గది గానీ అయితే ఇంకా కష్టం. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటి దాకా వేడి దింపుతూనే ఉంటుంది. మా అన్న కొడుకు గదిలో రాత్రి తొమ్మిదింటికి 38 చూశాను, బయట వరండాలో 34 ఉంది. వాడి పీసీకి నేను ఏమీ కొనిపించలేదు. గదికి కిటికీ తెరిపించి, పీసీని ఆ కిటికీ పక్కకు మార్చాను, నాలుగు డిగ్రీలు తగ్గింది. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు తింటుంది, గేమ్ ఆడేటప్పుడు మొత్తం పీసీ సుమారు 250 వాట్ల వేడి గదిలోకి వదులుతుంది. తలుపులు కిటికీలు బిగించిన చిన్న గదిలో అది రెండు గంటల్లో బాగానే తెలుస్తుంది.

ఎయిర్ కూలర్ వాడేవాళ్లకు ఒక మాట. గదిని చల్లబరిస్తే పీసీకీ మంచిదే, కానీ కూలర్ మూతిని పీసీ వైపు తిప్పవద్దు. గాలితో పాటు సన్న తుంపర్లు వస్తాయి. మన నీళ్ల సంగతి తెలిసిందే, కూలర్ ప్యాడ్ల మీద తెల్లటి సున్నపు పొర ఎలా కడుతుందో చూస్తూనే ఉన్నాం. ఆ తుంపరే బోర్డు మీద ఎండితే అదే పొర అక్కడా కడుతుంది. కూలర్‌ను పక్కకు తిప్పి, ఒక కిటికీ తెరిచి ఉంచు.

ఇప్పుడు ఆరు ఫ్యాన్ల లెక్క. ఇది ఒక్కసారి అర్థమైతే జీవితంలో ఎవరూ నీకు అనవసరపు ఫ్యాన్ అమ్మలేరు. క్యాబినెట్ లోపలి గాలి బయటి గాలి కంటే ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో చెప్పడానికి ఒక సూత్రం ఉంది: వాట్లను 1.76తో గుణించి, నిజంగా లోపలి నుంచి పోతున్న గాలితో, అంటే సీఎఫ్‌ఎంతో భాగించాలి. సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని. నీ 250 వాట్లకు 1.76తో గుణిస్తే 440. నిజంగా 44 సీఎఫ్‌ఎం గాలి దాటుతుంటే లోపల 10 డిగ్రీలు ఎక్కువ. 88కి పెంచితే 5 డిగ్రీలు. దాన్ని కూడా రెట్టింపు చేసి 176 చేస్తే 2.5. చూశావా, మొదటి రెట్టింపుకు 5 డిగ్రీలు వచ్చాయి, రెండో రెట్టింపుకు రెండున్నరే, మూడోదానికి ఒకటింపావు. మూడు మంచి ఫ్యాన్లు సరిగ్గా పనిచేస్తుంటే వాటి మీద ఇంకో మూడు పెట్టి తెచ్చుకునేది రెండు డిగ్రీలు, దాంతో పాటు రెట్టింపు దుమ్ము. అదే ఇప్పుడు గాజు అడ్డంగా ఉండి 30 సీఎఫ్‌ఎం కూడా రావడం లేదనుకో, లోపల 15 డిగ్రీల వేడి నిలిచిపోతుంది. ఆ అడ్డు తీయడంలోనే అసలు లాభం ఉంది.

డబ్బా మీద రాసిన సీఎఫ్‌ఎం చూసి ఈ లెక్క వెయ్యొద్దు. అది ముందూ వెనకా ఏ అడ్డూ లేకుండా, ఫుల్ స్పీడు మీద కొలిచిన సంఖ్య. ఫిల్టరు, జాలి, కేబుళ్లు దాటి వచ్చేసరికి అందులో సగం మిగిలితే గొప్ప. అందుకే ముందు వైపు పెట్టే ఫ్యాన్‌కు సీఎఫ్‌ఎం కన్నా స్టాటిక్ ప్రెజర్ చూడాలి, అంటే అడ్డు ఉన్నా గాలిని నెట్టగల శక్తి. డబ్బా మీద మి.మీ. హెచ్2ఓ అని రాస్తారు. 120 మి.మీ. ఫ్యాన్‌కు 2 దాటితే ముందు ఫిల్టరు వెనక బాగా పనిచేస్తుంది. చౌక ఆర్‌జీబీ ఫ్యాన్లలో చాలావాటికి అది 1 కూడా ఉండదు. చేతి మీద పెట్టి చూస్తే గాలి బాగానే కొట్టినట్టుంటుంది, ఫిల్టరు వెనక పెట్టగానే నీరసపడిపోతాయి. వెనక ఎగ్జాస్ట్‌కు, అంటే గాలిని బయటికి పంపే ఫ్యాన్‌కు, పెద్దగా అడ్డు ఉండదు కాబట్టి అక్కడ ఏదైనా ఫర్వాలేదు.

ఎటు పెట్టాలన్నది చిన్న విషయమే. ముందు నుంచి, కింది నుంచి లోపలికి. వెనక నుంచి, పై నుంచి బయటికి. మన పాత ఇళ్లలో దర్వాజకు ఎదురుగా వెనక దర్వాజ ఉంటే గాలి ఎలా దూసుకుపోతుందో అలాగే. నీకు ముందు రెండు లేక మూడు, వెనక ఒకటి చాలు. పైన పెట్టాలనిపిస్తే వెనక మూలన, సీపీయూకు సరిగ్గా పైన ఒక్కటి పెట్టు. నీ 5600తో పాటు వచ్చిన కూలరే వాడుతున్నావనుకుంటా, అది గాలిని బోర్డు మీదికి కొడుతుంది, వేడి చుట్టుపక్కలే తిరుగుతుంది, అందుకని ఆ మూలన ఎగ్జాస్ట్ ఉంటే దానికి మంచిది. పై భాగంలో ముందు మూలన మాత్రం ఎగ్జాస్ట్ పెట్టవద్దు. ముందు నుంచి వచ్చిన చల్లగాలి సీపీయూ దాకా చేరకముందే పైకి లాగేసుకుంటుంది. షాపుల్లో పైన మూడు పెట్టి అమ్మేవాళ్లు చాలామంది, చూడ్డానికి అందంగా ఉంటుందని. నేను ఆ ముందు మూలన ఉన్నది ఊడదీసి ఇస్తుంటాను. ఊడదీసిన ఖాళీ మీద జాలి తప్పకుండా వెయ్యి, లేకపోతే బల్లులు దూరతాయి.

నీ క్యాబినెట్‌లో పవర్ సప్లై కప్పి ఉంచే రేకు మీద, కార్డుకు సరిగ్గా కింద, ఫ్యాన్ బిగించే రంధ్రాలు ఉన్నాయేమో చూడు. ఉంటే అక్కడ పైకి ఊదేలా పెట్టే ఒక్క ఫ్యాన్, ముందు పెట్టే రెండో ఫ్యాన్ కంటే కార్డుకు ఎక్కువ మేలు చేస్తుంది. చల్లగాలి నేరుగా కార్డు ఫ్యాన్ల నోట్లోకే వెళ్తుంది. ఇది నేను కట్టిన పీసీల్లో చాలాసార్లు చూశాను, అందుకే గట్టిగా చెప్తున్నా. ఆ ఫ్యాన్‌కు గాలి అందాలంటే ఆ రేకు కింద ముందు వైపు తెరిచి ఉండాలి, కేబుళ్లు కుక్కి ఉండకూడదు.

లోపలికి వచ్చే గాలి, బయటికి పోయే గాలి కంటే కాస్త ఎక్కువ ఉండాలి. అప్పుడు మిగిలిన గాలి సందుల్లోంచి బయటికే పోతుంది, దుమ్ము ఫిల్టరు దాటకుండా లోపలికి రాదు. ఎగ్జాస్ట్ ఎక్కువైతే ప్రతి సందు నుంచీ ఫిల్టరు లేని దుమ్ము గాలి లాక్కుంటుంది. దుమ్ము తక్కువున్న ఊళ్లలో ఇది పెద్ద విషయం కాకపోవచ్చు, మన దగ్గర చాలా పెద్ద విషయం.

ఏ ఫ్యాన్ ఎటు ఊదుతుందో చాలామందికి తెలియదు. తెరిచి ఉన్న ముఖం గాలిని పీలుస్తుంది. మధ్య మోటారును పట్టుకుని అడ్డంగా నాలుగు పుల్లలు ఉన్న ముఖం బయటికి ఊదుతుంది. అన్నీ బిగించాక ఒక అగరబత్తి వెలిగించు. సీలింగ్ ఫ్యాన్ ఆపేసి, పొగ నిటారుగా లేచే దాకా ఆగు. తర్వాత నెమ్మదిగా ముందు జాలి దగ్గరికి తీసుకెళ్లు. రెండు వేళ్ల దూరంలోకి రాగానే పొగ వంగి, సన్నటి దారంలా లోపలికి జారిపోవాలి. అలాగే చుట్టూ తిప్పు: వెనక దగ్గర దూరంగా చెదిరిపోవాలి, సైడ్ సందుల దగ్గర మెల్లగా బయటికి నెట్టేయాలి. సందు దగ్గర లోపలికి పోతోందంటే ఎగ్జాస్ట్ ఎక్కువైనట్టు. నిప్పు మాత్రం జాలికి తాకనివ్వకు, బూడిద లోపల పడనివ్వకు. నాలుగేళ్ల కింద ఒక కస్టమర్ క్యాబినెట్ కంపెనీ నుంచి అలాగే వచ్చింది, ముందు మూడు ఫ్యాన్లలో మధ్యది తిరగేసి బిగించి ఉంది. రెండు లోపలికి తెస్తుంటే మధ్యది అదే గాలిని బయటికి పంపేస్తోంది. లైట్లు వెలుగుతున్నాయి, రెక్కలు తిరుగుతున్నాయి, కళ్లతో చూస్తే ఏ తప్పూ కనబడలేదు. పొగ గిర్రున సుడి తిరిగేసరికి తెలిసింది. అప్పటి నుంచి అగరబత్తి చూపించకుండా ఏ పీసీ బయటికి పంపలేదు.

నీ గాజు పలక సంగతి. ముందు పరీక్షలో దొంగ అదేనని తేలితే మూడు దారులున్నాయి. క్యాబినెట్ మార్చేసి ముందంతా మెష్ (జాలి) ఉన్నది తీసుకోవడం అన్నిటికంటే మేలు, కానీ మూడు వేలలో మంచిది రావడం కష్టం. రెండోది, గాజు పలకను క్యాబినెట్ నుంచి అర అంగుళం, ముప్పావు అంగుళం ముందుకు జరపడం. కొన్ని మోడళ్లలో గాజు నాలుగు స్క్రూల మీద ఉంటుంది, వాటి వెనక పొడవాటి స్పేసర్లు వేస్తే చుట్టూ సందు పెరుగుతుంది. మూడోది, ఎండాకాలం నాలుగు నెలలు గాజు తీసి అటక మీద పెట్టేసి, ఆ ఫ్రేముకు కిటికీలకు వేసే నైలాన్ దోమల జాలి సాగదీసి బిగించడం. జాలికి వంద రూపాయలు కూడా కాదు. అందం తగ్గుతుందని బాధపడకు, నల్ల జాలి వేస్తే వెనక లైట్లు మెత్తగా కనబడి బాగానే ఉంటుంది. నేను మూడోదే ముందు చేసి చూడమంటాను. స్టీలు జాలి వద్దు, ముక్కలు రాలితే బోర్డు మీద షార్ట్ అవుతుంది.

కొనాల్సి వస్తే ఏవి కొనాలి? 4 పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్లే తీసుకో, అంటే నాలుగో పిన్ను ద్వారా మదర్‌బోర్డు స్పీడు మార్చగలిగేవి. ఆర్కిటిక్ పీ12 అయిదింటి ప్యాక్ దొరికితే దాన్ని మించిన బేరం నాకు తెలియదు. 1800 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది, ప్రెజర్ 2.2 మి.మీ. నోక్టువా బాగుంటాయి, కానీ నీ బడ్జెట్‌లో రెండే వస్తాయి, నాలుగు మామూలు మంచివి మేలు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లే పని ఉంటే అక్కడ కూలర్ మాస్టర్, డీప్‌కూల్ వాటిని కూడా చేతిలోకి తీసుకుని చూడు. లైట్లు కావాలంటే తప్పు లేదు, కానీ డబ్బు ముందు రెక్కలకు, తర్వాత లైట్లకు. ముందు 140 మి.మీ. పట్టే చోటు ఉంటే అదే తీసుకో. 120 కంటే వైశాల్యం 36 శాతం ఎక్కువ, అదే గాలి నెమ్మదిగా తిరిగి ఇస్తుంది. బేరింగు విషయంలో ఒక్కటి: పైన, కింద పడుకోబెట్టి బిగించేవాటికి స్లీవ్ బేరింగ్ వద్దు. మన ఎండలకు అందులో నూనె త్వరగా ఎండి ఏడాదిలోనే గరగర మొదలవుతుంది. ఫ్లూయిడ్ డైనమిక్ అని రాసి ఉన్నవి తీసుకో. 6 పిన్నుల ప్లగ్గుతో, సొంత హబ్బుతో, రిమోట్‌తో వచ్చే సెట్లు కొనకు. అందులో ఒక్కటి చెడితే అదే కంపెనీ అదే మోడల్ వెతకాలి, మదర్‌బోర్డు వాటి స్పీడు మార్చలేదు.

మోత గురించి అడిగావు కదా. ఫ్యాన్ స్పీడు రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు అవుతుంది, శబ్దం మాత్రం సుమారు 15 డెసిబెళ్లు పెరుగుతుంది. అదే స్పీడులో పక్కన ఇంకో ఫ్యాన్ పెడితే పెరిగేది 3 డెసిబెళ్లే. కాబట్టి ఒక ఫ్యాన్‌ను 1600 మీద అరిపించడం కన్నా రెండింటిని 800 మీద నడపడం చెవికి హాయి. నీ మోతలో ఎక్కువ భాగం కార్డు ఫ్యాన్లదే అయి ఉంటుందని నా అంచనా, దానికి చల్లగాలి అందిస్తే అది తనంతట తానే నెమ్మదిస్తుంది.

వైర్ల దగ్గర నిదానంగా ఉండు, పైసలు పోయేది ఇక్కడే. మదర్‌బోర్డు మీద ఫ్యాన్ ప్లగ్గు గుచ్చే పిన్నులను హెడర్ అంటారు, ఒక్కో ఫ్యాన్ హెడర్ మామూలుగా 1 ఆంపియర్ దాకా ఇస్తుంది. ఫ్యాన్ మధ్యలో స్టిక్కర్ మీద ఎంత లాగుతుందో రాసి ఉంటుంది, 0.2 అయితే స్ప్లిటర్‌తో, అంటే ఒకే హెడర్‌కు చాలా ఫ్యాన్లు కలిపే తీగతో, మూడు హాయిగా నడుస్తాయి, ఆరు పెట్టకు. స్ప్లిటర్‌లో ఒక్క ఫ్యాన్‌కే స్పీడు చెప్పే తీగ ఉంటుంది, బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెరలో) ఒక్కటే కనబడుతోందని కంగారు పడకు. పాత 3 పిన్నుల ఫ్యాన్లు ఉంటే బయోస్‌లో ఆ హెడర్‌ను డీసీ మోడ్‌కు మార్చు, పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉంటే ఎప్పుడూ ఫుల్ స్పీడు మీదే తిరుగుతాయి. లైట్ల వైరు సంగతి ఇంకా ముఖ్యం. ఏఆర్‌జీబీ అంటే 5 వోల్టులు, 3 పిన్నులు. పాత ఆర్‌జీబీ అంటే 12 వోల్టులు, 4 పిన్నులు. చూడ్డానికి రెండూ దగ్గరగా ఉంటాయి. మొదట్లో ఒకసారి రాత్రి పొద్దుపోయాక, మరుసటి రోజు డెలివరీ టెన్షన్‌లో, 5 వోల్టుల ప్లగ్గును 12 వోల్టుల హెడర్‌కు గుచ్చాను. స్విచ్ వెయ్యగానే మూడు ఫ్యాన్ల లైట్లూ ఒక్క క్షణం తెల్లగా వెలిగి ఆరిపోయాయి, సన్నగా కాలిన వాసన వచ్చింది. మూడూ నా డబ్బుతో కొనిచ్చాను. ఇప్పటికీ హెడర్ పక్కన రాసిన వోల్టేజీని టార్చి వేసి గట్టిగా చదివాకే గుచ్చుతాను. నువ్వూ అలాగే చెయ్యి.

ఫ్యాన్ బిగించేటప్పుడు స్క్రూలు మొదటిసారి కాస్త గట్టిగా తిరుగుతాయి, ప్లాస్టిక్‌లో మర అప్పుడే పడుతుంది కాబట్టి. నాలుగూ సగం సగం తిప్పి, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ బిగించు. మరీ బిగిస్తే మూల పగిలి, ఆ తర్వాత ఫ్యాన్ అదురుతూనే ఉంటుంది.

ఇక స్పీడు సెట్టింగ్. బయోస్‌లో క్యాబినెట్ ఫ్యాన్లు మామూలుగా సీపీయూ టెంపరేచర్ చూసి నడుస్తాయి. గేమ్‌లో వేడంతా కార్డుది, ఫ్యాన్లు మాత్రం సీపీయూ మాట వింటుంటాయి. క్రోమ్ తెరిస్తే సీపీయూ ఒక్కసారి ఎగిరి ఫ్యాన్లు బుస్సుమంటాయి, కార్డు 80 దాటుతున్నా కదలవు. ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని ముందు ఫ్యాన్లను కార్డు టెంపరేచర్‌కు ముడిపెట్టు. 50 డిగ్రీల దాకా 40 శాతం, 65 దగ్గర 55, 75 దగ్గర 70, 80 దాటితే 90. వెనకదాన్ని సీపీయూ, కార్డు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి. టెంపరేచర్ 3, 4 డిగ్రీలు మారితే గానీ స్పీడు మారకుండా హిస్టరీసిస్ పెట్టు, ఊ అంటే ఎగసిపడటం ఆగుతుంది. కొన్ని ఫ్యాన్లు ఒక్కో స్పీడు దగ్గర గుయ్‌మని రొద చేస్తాయి; నెమ్మదిగా పెంచుతూ విని, ఆ స్పీడు దాటి సెట్ చెయ్యి.

దుమ్ము గురించి చెప్పకపోతే ఇదంతా వృథా. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర ఉండే ఒకాయన కొడుకు పీసీ తెచ్చాడు. ముందు ఫిల్టరు చేతిలోకి తీసుకుంటే కంబళి ముక్కలా ఉంది, సన్నటి ఊక, తవుడు, మీద జిడ్డు. వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే ఒక్క చుక్క వెలుగు కూడా దాటలేదు. కడిగి ఆరబెట్టి పెట్టాం, కార్డు 11 డిగ్రీలు దిగింది. ఒక్క రూపాయి సామాను కొనలేదు. మహబూబ్‌నగర్ వైపు ఎర్ర చెలకల దుమ్ము ఇంకా సన్నం, ఫిల్టరు కూడా దాటి వచ్చేస్తుంది. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి ఫిల్టరు తీసి నీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి పెట్టు. తడిగా పెడితే దుమ్ము బురదై అతుక్కుంటుంది. లోపల బ్లోయర్ కొట్టేటప్పుడు కరెంటు తీసేసి, ప్రతి ఫ్యాన్ రెక్కనూ వేలితో ఆపి పట్టుకో. గాలికి గిర్రున తిరిగితే బేరింగు దెబ్బతింటుంది, మోటారు ఎదురు కరెంటు పుట్టించి బోర్డుకూ చెరుపు చెయ్యొచ్చు.

పీసీని షాబాద్ బండల మీద నేరుగా పెట్టావా? పెడితే రెండు ఇటుకల ఎత్తు మీదకు లేపు. చీపురుతో ఊడ్చినప్పుడు లేచే దుమ్మంతా కింది నుంచి పవర్ సప్లైలోకి పోతుంది. వెనక గోడకు జానెడు వదులు. కంప్యూటర్ టేబుల్ కింద క్యాబినెట్ కోసమని చేసే చెక్క పెట్టెలో పెట్టి ఉంటే ఈ పూటే బయటికి తీసెయ్, దాని వెనక పలక నువ్వు బయటికి పంపిన వేడినే మళ్లీ ముందుకు తిప్పి పంపుతుంది.

పరీక్షలు అయ్యేలోపు మోత భరించలేకపోతే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్ 85 శాతానికి దించు. 170 వాట్లు 145 దగ్గరికి వస్తాయి, ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి. ఎండాకాలమంతా నా సొంత పీసీ అలాగే నడుపుతాను.

ఫిల్టరు కడిగి, చోటు మార్చి, ఆ తర్వాత మూడు సార్లు ఆడిన నంబర్లు ఇక్కడ పెట్టు: అన్నీ మూసి, సైడ్ గ్లాసు తీసి, ముందు గాజు తీసి. గది టెంపరేచర్, కార్డు ఫ్యాన్ స్పీడు మర్చిపోకు. క్యాబినెట్ మోడల్ పేరు, లోపలి ఫొటో ఒకటి కూడా జత చెయ్యి. కింద ఫ్యాన్ పట్టే రంధ్రాలు ఉన్నాయో లేదో చూసి, ఎన్ని కొనాలో అప్పుడు చెప్తాను.